హగరి ఇసుకలో మూడు చక్రాలు

వీరేష్ పోయిన రోజు మా ఇంట్లో ఇంకొకటి కూడా పోయింది. దాని గురించి ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే సమయం కాదు.

నవంబరు పదకొండు, మంగళవారం. శింగనమల హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మూడో పీరియడ్‌లో ఫోను వచ్చింది. బోరు మోటార్లకు వైండింగ్ కట్టే తన షెడ్డులో నా భర్త స్టూలు మీద నుంచి పక్కకు ఒరిగిపోయాడట. ఆటోలో అనంతపురం తీసుకుపోయాం. డాక్టరు గుండె అన్నాడు. అంతకు మించి ఇక్కడ రాయను.

సాయంత్రానికి ఇల్లంతా జనం. కూర్చోవడానికి చాపలు చాలలేదు. మా ఎదురింటి లక్ష్మీదేవమ్మ ఎవరింట్లో కష్టం వచ్చినా కొంగు నడుముకు దోపి పనిలోకి దిగే మనిషి. పెరట్లో రేకుల కింద పరిచి ఉన్న నీలం గళ్ళ దుప్పటి ఆమె కంటపడింది. దాని మీద ఏవో ఇనుప ముక్కలు. వాటన్నిటినీ ఒక గోతాంలో పోసింది. దుప్పటి దులిపి వసారాలో పరిచింది. దాని మీద మా అత్తవారి బంధువులు కూర్చున్నారు.

ఆ ముక్కలు మా మూడు చక్రాల బండి ఇంజనువి. ఆదివారం వీరేష్ దాన్ని విప్పాడు. విప్పిన వరుసలోనే ముక్కల్ని దుప్పటి మీద పేర్చాడు. పలక మీద రాసినట్లు, ఎడమ నుంచి కుడికి ఒక వరుస, అది నిండితే దాని కింద ఇంకొకటి. తిరిగి బిగించేటప్పుడు చివరి ముక్క నుంచి వెనక్కి చదువుకుంటూ పోవాలి. ఆ బండికి పుస్తకం లేదు. దాని వరుస రెండు చోట్ల ఉండేది, ఆ దుప్పటి మీద, వీరేష్ తలలో. రెండూ ఒక్క రోజే పోయాయి.

పదకొండో రోజున మైల తీర్చడానికి వీరేష్ తరఫు ఆడవాళ్ళు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ కడిగారు. నేను చర్చికి పోయే ఇంట పుట్టినదాన్ని. ఆ పద్ధతులు నాకు తెలియవు. అందుకే అడ్డు చెప్పలేదు. గోతాం కూడా వాళ్ళ చేతికి చిక్కింది. లక్ష్మీదేవమ్మ ఒక్కొక్క ముక్కనూ చింతపండు పెట్టి తోమి, ఎండబెట్టి, మళ్ళీ గోతాంలో పోసి మూతి కట్టి తెచ్చి ఇచ్చింది. ముక్కల మీద వీరేష్ నా సుద్దముక్కతో వేసుకున్న గుర్తులు కూడా పోయాయి.

"చూడు టీచరమ్మా, చుక్క నూనె లేకుండా తోమినా. ఏం జిడ్డమ్మా అది! ఆయప్ప ఉన్నన్నాళ్ళూ ఒక్క దినం కడిగినాడా?"

"మంచిదత్తా" అన్నాను.

ఆ ఇంజను విప్పించింది నా మాటే. అది ఎట్లాగో చెప్పాలంటే బండి సంగతి చెప్పాలి.

ఎనభైలలో మా కొండల్లో ఖనిజం వెతకడానికి ఒక కంపెనీ వచ్చింది. గుట్టల్లో, వంకల్లో తిరగడానికి ఓడ మీద ఆరు బండ్లు తెప్పించుకుంది. ముందు ఒక చక్రం, వెనక రెండు. చక్రాలంటే మామూలు చక్రాలు కావు, మోకాలెత్తు గాలి బుడగలు. స్ప్రింగు అన్నది ఎక్కడా లేదు. ఎత్తుపల్లాలను మింగేది ఆ బుడగలే. తాడు లాగి స్టార్టు చేయాలి. వెనక్కి పోయే గేరు లేదు. కంపెనీకి ఖనిజం దొరకలేదు. మనుషులు వెళ్ళిపోయారు, బండ్లు మిగిలిపోయాయి. ఆరింటిలో ఇప్పటికి మూడు తిరుగుతున్నాయి. ఒకటి కణేకల్ రామప్పది. ఆయన ఆ కంపెనీ క్యాంపుకు వాచ్‌మన్‌గా ఉండేవాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి, ఆ బండి మీదే గొర్రెల వెంట పోతాడు. ఇంకొకటి నల్లమాడ మెకానిక్ ఓబుళేసుది. మూడోది రామప్ప దొడ్డిలో జొన్నసొప్ప కింద పడి ఉంటే పదకొండేళ్ళ కిందట వీరేష్ తెచ్చుకున్నాడు.

తెచ్చిన నెలకు దాని ఇంజను కూసింది. కూతే అది. ఊరి కుక్కలన్నీ మా పెరటి గోడ దగ్గర చేరాయి. రామప్ప కూడా చూడ్డానికి వచ్చాడు. వీరేష్ టైర్లలో ఆటోకు కొట్టినట్లు ముప్పై పౌన్లు గాలి కొట్టించి, శనగ పీకిన చేనిలోకి దింపాడు. బండి మొదటి గెనెం గట్టు తగిలి ఎగిరింది. దిగి, ఇంకా పైకి ఎగిరింది. మూడోసారి ఎగిరినప్పుడు బండి ఒక్కటే దిగింది. వీరేష్ కలివి పొదలో ఉన్నాడు.

రామప్ప కడుపు పట్టుకుని చేనిలో కూర్చున్నాడు. "ఏమప్పా వీరేషా, బండి తోలమంటే బంతి తోలినావే! వాటికి గాలి అంత యాల? బొటనవేలితో ఒత్తితే లోపలికి పోవాల. క్యాంపులో దొరలు సైకిలు పంపుతో నాలుగు కొట్లు కొట్టి ఇడిచేటోళ్ళు."

నాలుగు కొట్లంటే ఎంత? అంత తక్కువ గాలిని చూపించే మీటరు శింగనమలలో లేదు. వీరేష్ రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు కళ్ళంలో పది వేరుశనగ కాయలు వరుసగా పెట్టి, నన్ను బండి మీద కూర్చోబెట్టి, వెనక నుంచి మెల్లగా తోశాడు. చక్రం కాయల మీదుగా పోయింది. ఏడు చిట్లాయి. కొంచెం గాలి తీశాడు. నాలుగు చిట్లాయి. ఇంకొంచెం తీశాడు. ఒక్కటీ చిట్లలేదు. ఒక్కో కాయా టైరులోకి దిగి, మళ్ళీ పైకి తేలి, అట్లాగే గుండ్రంగా నేల మీద ఉంది. నేను నమ్మలేక ఒక కాయ తీసి ఒలిచి చూశాను. గింజలకు పొట్టు కూడా ఊడలేదు.

"ఇదే మన మీటరు" అన్నాడు వీరేష్, కాయలు ఏరి నోట్లో వేసుకుంటూ.

ఆ రోజు నన్ను కూర్చోబెట్టడానికి కారణం ఒక్కటే. నేను నలభై నాలుగు కిలోలు. ఇంజను చిన్నది, దానికి బరువంటే చేదు. వీరేష్ ఎనభై ఆరు. అట్లా లెక్కల టీచరు బండి పరీక్షించే మనిషయింది.

మొదటి మలుపులోనే మోపెడ్ అలవాటు కొద్దీ కాలు కింద పెట్టాను. వెనక చక్రం నా పిక్క మీదకు ఎక్కి దిగింది. ఆ మెత్తని టైరు కాబట్టి ఎముక నిలిచింది. మర్నాడు నా కాలి మీద టైరు గీతలు చూసి ఎనిమిదో తరగతి పిల్లలు ఏం జరిగిందని అడిగితే జారిపడ్డానని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆ వారం వీరేష్ నా పాదాల్ని పాత టవలు పీలికలతో బండి కాలిమెట్లకు కట్టేశాడు.

"కాలు దింపితే ఉద్యోగం పోతాది టీచరూ. పింఛను కూడా రాదు."

"బండి తిరగబడితే?"

"పడు. కాలు మాత్రం దింపొద్దు."

తర్వాత మలుపు నేర్చుకున్నాను. ఆ బండికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి. హ్యాండిల్ ఎంత తిప్పినా అది తన దారిన నేరుగా పోతుంది. ఒంటిని లోపలి వైపు వేలాడేసి, బరువంతా బయటి కాలి మీద మోపాలి. అప్పుడు లోపలి చక్రం జారుతుంది, బండి మొత్తం తోకాడించినట్లు తిరుగుతుంది. నాకు అది మొదటిసారి కుదిరినప్పుడు మా చెరువు ఎండి మూడేళ్ళు. ఎండిన చెరువులో ఎర్రటి దుమ్ము సగం చుట్టు లేచింది. ఆ దుమ్ములో నుంచి బయటకు వచ్చి, వెంటనే ఇంకో మలుపు తిప్పాను. ఇంకోటి. నా వయసప్పుడు ముప్పై ఆరు. చీర పిన్నులు రెండు ఊడిపోయాయి. గట్టు మీద వీరేష్ రెండు చేతులూ ఎత్తి నిలబడి ఉన్నాడు. ఆపమంటున్నాడో, ఇంకా పొమ్మంటున్నాడో తెలియలేదు. ఇంకా పోయాను.

దిగాక ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "ఎట్లుండాది?"

"బాగుంది."

"బాగుంటే నేనేం రిపేరు చేయాల? యాడ బాగుండాది, యాడ బాగలేదు, అది చెప్పు."

"ఏదో గరగరమంటోంది."

"గరగర యాడ? ముందరా, యెనకా? ఎక్కుడులోనా, దిగుడులోనా? చేతికి తెలస్తాండాదా, కాలికి తెలస్తాండాదా?"

అట్లా నాకు మాటలు నేర్పాడు. కొన్నాళ్ళకు నేను ఇట్లా చెప్పగలిగాను: రెండో గేరులో, ఎక్కేటప్పుడు, ఎడమ మడమ కింద, ఇనుము మీద గోరు గీసినట్లు, సన్నగా. అతను కళ్ళు మూసుకుని వినేవాడు. విని, లేచి పోయి, నేరుగా ఆ చోటే విప్పేవాడు. నా మాట తప్పయిందని ఒక్కసారి కూడా చెప్పలేదు. పదకొండేళ్ళలో నేను నా భర్తతో మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం ఇవే. వాటి గురించి నాకు విచారం లేదు.

ఏటా ఫిబ్రవరి రెండో శనివారం, బడి సెలవు నాడు, మూడు బండ్లూ కణేకల్ అవతల హగరి ఒడ్డున పందానికి కలుస్తాయి. అక్కడ నది కంటే ఇసుక ఎక్కువ. గాలి ఆ ఇసుకను మోసుకొచ్చి మేటలు పోసింది. ఏట్లో గీత దగ్గర మొదలు. అరకిలోమీటరు నేరుగా, తర్వాత పెద్ద మేట ఎక్కుడు, పైన పాతిన కర్రకు కట్టిన ఎర్ర టవలు చుట్టి తిరిగి గీత దగ్గరకు. రామప్ప భార్య కదిరమ్మ స్టీలు తట్ట మీద గరిటెతో కొడితే మొదలు. రామప్ప తన బండి తానే తోలుతాడు. ఎప్పుడూ మూడోవాడే. మేట సగంలో ఆగి బీడీ ముట్టిస్తాడు. ఓబుళేసు లావెక్కినప్పటి నుంచి అతని బండి కూతురు అశ్విని తోలుతోంది. నల్లమాడ స్టాండులో ఆటో నడిపే పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, భయం లేదు.

నిరుడు ఆ పిల్ల నన్ను మేట మీద దాటింది. ఎక్కుడు నడుమ నా మూడో గేరు జారిపోయింది. ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం ఆగిపోయింది. పక్క నుంచి ఇసుక నా ముఖాన కొడుతూ అశ్విని పోయింది. పోతూ పోతూ "పెద్దమ్మా, ట్యూషన్ కావాలంటే చెప్పు!" అని అరిచింది.

వీరేష్ ఆ ఏడాదంతా దాని వెంట పడ్డాడు. గేరు రాడ్డు మార్చాడు, స్ప్రింగు మార్చాడు. నవంబరు ఎనిమిది, అది కూడా రెండో శనివారమే, చెరువు కట్ట వాలు మీద నన్ను పద్నాలుగుసార్లు ఎక్కించాడు. పద్నాలుగోసారి దిగి చెప్పాను: "మూడో గేరు, ఎక్కుడులో, ఇంజను వేడెక్కినాకే. జారే ముందు ఎడమ పాదం కింద రెండుసార్లు కొట్టుకుంటోంది."

"రెండుసార్లా?"

"రెండు. తర్వాత జారుతుంది."

అతను కళ్ళు తెరిచాడు. ముఖం వెలిగింది. "అయితే లోపల సందు ఉండాది కృపా! బయట యాడా లే. మొత్తం విప్పాల."

మర్నాడు విప్పాడు. ఆ తర్వాతది మొదట చెప్పాను.

జనవరిలో ఓబుళేసు ఫోను చేశాడు. అతను వీరేష్‌ను అన్నా అని పిలిచేవాడు, నన్ను వదినా అంటాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరకు అడిగాడు. "వదినా, రెండో శనివారం వస్తాండావా?"

"బండి గోతాంలో ఉంది ఓబుళేసూ."

"గోతాంలోనా?"

చెప్పాను. నేను అంతకు ముందు మూడు ఆదివారాలు ఆ ముక్కల ముందు కూర్చున్నాను. ఏది దేని పక్కదో తెలియలేదు. బండి ఎట్లా నడుస్తుందో నాకు వేలి చివర్ల దాకా తెలుసు. దాన్ని దేనితో చేశారో తెలియదు. ఆ బండి గోతాంలో మిగిలిపోతే, నేను చెప్పిన చివరి మాటకు అతను చేసిన పని కూడా గోతాంలోనే మిగిలిపోతుంది. అది నాకు ఇష్టం లేదు. దాన్ని గీత దగ్గర నిలబెట్టాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఆ ఆదివారం పొద్దున్నే మా వాకిట్లో టాటా ఏస్ ఆగింది. ఓబుళేసు, అశ్విని, వెనక తాళ్ళతో కట్టిన వాళ్ళ మూడు చక్రాల బండి. ఓబుళేసు గోతాం మూతి విప్పి లోపలికి చూశాడు. ఒక పళ్ళ చక్రం తీసి వాసన చూశాడు.

"చింతపండు!" అన్నాడు.

ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీదేవమ్మ గర్వంగా అంది: "అంతా నేనే తోమినా నాయనా."

"బాగా తోమినావు లేమ్మా. పెండ్లికి పెట్టొచ్చు."

అతను కొత్త దుప్పటి ఒకటి తెచ్చాడు. పరిచాడు. గోతాం ముట్టలేదు. తన బండి దింపించి, పానా తీసి, దాని ఇంజను బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.

అశ్విని కంగారు పడింది. "నాయనా! మన బండి యాలప్పా విప్పతాండావు? అది బాగుండాది కదా!"

"బాగుండాదనే విప్పతాండా. ఈ రెండూ ఒకే కడుపున పుట్టినవి. దీన్ని చూసి దాన్ని కడదాం."

"మల్ల మనది కట్టడం రాకపోతే?"

"అప్పుడు రెండు గోతాలైతాయి. లక్ష్మీదేవమ్మ ఉండాది, రెండోది కూడా తోముతాది."

అతను తన ఇంజనులో నుంచి ఒక ముక్క తీస్తాడు. దుప్పటి మీద పెడతాడు. నేను గోతాంలో దాని జత వెతుకుతాను. పళ్ళు లెక్కపెడతాను, కొలత చూస్తాను, పక్కన పెడతాను. ప్రశ్నపత్రంలో జతపరచండి అని ఇస్తాం కదా, అచ్చం అదే. జత దొరికిన ప్రతిసారీ అశ్విని చప్పట్లు కొట్టింది. పదో ముక్క నుంచి నేనూ కొట్టాను. ఇరవయ్యో ముక్కకు లక్ష్మీదేవమ్మ వచ్చి మా పక్కన కూర్చుని, "ఇదిగో, ఇది నేను రెండుసార్లు తోమింది, గుర్తుండాది" అంటూ ఒక వంకర రాడ్డు పైకి తీసింది. అది సరైనదే. ఆ తర్వాత ఆమెను ఎవరూ లేపలేకపోయారు.

మూడు ఆదివారాలు పట్టింది. చివరికి గోతాంలో గుప్పెడు శనక్కాయ పొట్టు, ఒక పల్చటి ఉక్కు బిళ్ళ మిగిలాయి. నడుమ రంధ్రం, రూపాయి కంటే కొంచెం పెద్దది. ఓబుళేసు ఇంజనులో దానికి జత లేదు.

అతను దాన్ని వెలుతురులో పట్టి చూశాడు. "ఇది కంపెనీది కాదు వదినా. ఈ గీతలు చూడు. ఆకురాయి పెట్టి రుద్దినాడు. అన్న చేసింది ఇది."

"ఎక్కడ వేయాలి?"

"అదే తెలీదు. తెలీకుండా లోపల ఏస్తే ఇంజను పట్టేస్తాది. ఇప్పటికి బయట పెట్టు."

సుద్దముక్కల డబ్బాలో పెట్టాను. మిగతా ముక్కలన్నీ వాటి చోట్లలో ఉన్నాయన్న సంతోషంలో దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. ఓబుళేసు తన బండి కూడా బిగించుకుని, తాడు లాగాడు. ఒక్క లాగుకే కూసింది. అశ్విని దేవుడికి దండం పెట్టింది. మాది కూయలేదు. కార్బురేటరు రబ్బరు పగిలి ఉంది. కొత్తది అనంతపురం నుంచి పందానికి రెండు రోజుల ముందు, గురువారం వచ్చింది.

శుక్రవారం బడి వదిలాక ఒక్కదాన్నే రబ్బరు తొడిగాను. తాడు లాగాను. పదిహేడోసారికి ఇంజను అందుకుంది. కుక్కలు వచ్చాయి. లక్ష్మీదేవమ్మ చీపురుతో సహా పరిగెత్తుకొచ్చి, "మోగిందే! మోగిందే!" అని వీధంతా చెప్పింది. కళ్ళంలో పది కాయలు పెట్టాను. తోయమని ఆమెను అడిగాను. ఒక్కటీ చిట్లలేదు. కాళ్ళు నేనే కట్టుకుని చెరువులోకి దింపాను.

బండి నా కింద అట్లాగే ఉంది. ఒకటో గేరు, రెండో గేరు, అదే ఊపు, అదే దుమ్ము. రెండు మలుపులు తిప్పాను. మూడో మలుపుకు నవ్వు వచ్చింది. తర్వాత కట్ట వాలు ఎక్కించాను. ఇంజను వేడెక్కింది. మూడో గేరు వేశాను. ఎడమ పాదం కింద ఒకసారి కొట్టుకుంది. రెండోసారి కొట్టుకుంది. జారింది.

వాలు మీదే బండి ఆపి కూర్చున్నాను. లోపల సందు ఉందన్నాడు. ఆ సందుకు బిళ్ళ చేశాడు. సోమవారం చేసి ఉంటాడు. వేయలేదు.

ఓబుళేసుకు ఫోను చేశాను. చెప్పాను. అతను గట్టిగా ఊపిరి తీశాడు. "అదే వదినా! మూడో గేరు పక్కన! అదే! కానీ ఇప్పుడు విప్పితే రెండు దినాలు. పందెం రేపు పొద్దున. ఏం చేద్దాం? ఈ ఏటికి మానుకుందామా?"

"రాడ్డు కాలితో నొక్కి పడితే గేరు జారదు కదా?"

"ఎంతసేపు పట్టుకుంటావు? కాలు ఇరిగిపోతాది!"

"మేట ఎక్కేదాకా."

అతను నవ్వాడు. నవంబరు తర్వాత అతను నా దగ్గర నవ్వడం అదే మొదటిసారి. "రా మల్ల. అశ్వినికి మాత్రం చెప్పను."

శనివారం హగరి ఒడ్డున నిరుటికంటే రెట్టింపు జనం. గొర్రెల కాపరులు, బళ్ళారి వైపు నుంచి కన్నడం మాట్లాడే కుర్రకారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. రామప్ప నా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరును బొటనవేలితో ఒత్తాడు. తల ఊపాడు. అశ్విని తన బండి మీద నుంచి నా వైపు వంగింది.

"పెద్దమ్మా, మా నాయన నీ బండి కట్టినాడని నేను మెల్లగా పోతాననుకోవద్దు."

"మెల్లగా పోతే మార్కులు వేయను."

కదిరమ్మ తట్ట మోగించింది.

ఇసుక నా కింద నీళ్ళలా విడిపోయింది. ఒకటి, రెండు. అశ్విని చక్రం నా మోకాలి పక్కనే ఉంది. రామప్ప అప్పుడే వెనక ఎక్కడో ఉన్నాడు. అరకిలోమీటరు మేమిద్దరం పక్కపక్కనే పోయాం. ముందు చక్రం నేలను వదిలి తేలుతోంది, ఎండ కళ్ళలో కొడుతోంది. మేట మొదలు కాగానే మూడో గేరు వేసి, ఎడమ కాలి వేళ్ళతో రాడ్డును నొక్కి పట్టాను. ఒకసారి కొట్టుకుంది. ఇంకా నొక్కాను. రెండోసారి కొట్టుకుంది. ఒంటి బరువంతా ఆ వేళ్ళ మీద వేశాను. గేరు నిలిచింది.

బండి ఎక్కింది. నిరుడు ఆగిన చోటు దాటింది. అశ్విని నా మోకాలి దగ్గర నుంచి వెనక్కి పోయింది, తర్వాత ఆమె బండి కూత కూడా వెనక్కి పోయింది. ముందు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. మేట పైకి ఎగిరి వచ్చాను. నిజంగానే ఎగిరాను, మూడు చక్రాలూ గాలిలో. కర్ర, ఎర్ర టవలు, అవతల బళ్ళారి వైపు చేలు, అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. పదకొండేళ్ళలో ఆ టవలు దగ్గరకు నేను ముందుగా చేరడం అదే మొదటిసారి.

టవలు చుట్టి తిరగాలంటే గేరు తగ్గించాలి. తగ్గించాలంటే వేళ్ళు వదలాలి. నా వేళ్ళు వదలలేదు. తిమ్మిరెక్కి రాడ్డుకు అతుక్కుపోయాయి. మూడో గేరులోనే ఒళ్ళంతా లోపలికి వేలాడదీసి, టవలు చుట్టూ పెద్ద చుట్టు తిరిగాను. ఆ చుట్టు లోపల నుంచి అశ్విని దూరింది. ఇద్దరం కలిసి మేట దిగాం, దిగడం కాదు, పడ్డాం. సగంలో రామప్ప బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీయడం మరిచి మమ్మల్ని చూస్తున్నాడు. ఏట్లో నేరుగా మళ్ళీ పక్కపక్కనే. గీత దగ్గర ఆమె చక్రం నా చక్రం కంటే ఒక చక్రమంత ముందుంది.

నేను గట్టిగా అరుస్తున్నానని తర్వాత చెప్పారు. నాకు తెలియదు. అశ్విని బండి వదిలి పరిగెత్తుకొచ్చి, నా కాళ్ళ కట్లు విప్పి, నన్ను ఎత్తి దింపింది. ఎడమ కాలు నేల మీద ఆనలేదు.

"పెద్దమ్మా, టవలు కాడ నువ్వే ముందు! నేను గెలిచినట్లు లేదు, మళ్ళా పోదాం పా, ఇప్పుడే పోదాం!"

ఓబుళేసు అడ్డొచ్చాడు. "ఆయమ్మ కాలు చూడే ముందు!" ఇసుకలోనే కూర్చుని నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరాడు. తల ఎత్తకుండా అడిగాడు. "ఎట్లుండాది వదినా?"

కొంచెం ఆలోచించి చెప్పాను. "మూడో గేరులో నొక్కి పడితే జారడం లేదు. కొట్టుకోవడం మాత్రం ఉంది. రెండుసార్లు. ఇంకేమీ లేదు. ఇంజను మొత్తం బాగుంది."

అతను నా పాదాన్ని మెల్లగా ఇసుక మీదకు దించాడు. "వచ్చే ఆదివారం వస్తా. విప్పి ఆ బిళ్ళ ఏస్తాం. రెండు దినాల పని."

"ఎప్పుడు రావాలో నేను చెబుతాను" అన్నాను.

రెండు ఆదివారాలయ్యాయి. అతను రెండుసార్లూ ఫోను చేశాడు. రెండుసార్లూ పరీక్ష పేపర్లు దిద్దుతున్నానని చెప్పాను. దిద్దుతున్న మాట నిజమే. బండి పెరట్లో రేకుల కింద ఉంది. రోజూ సాయంత్రం చెరువులో రెండు చుట్లు తిప్పి, కట్ట ఎక్కిస్తాను. బిళ్ళ వేస్తే, నేను వీరేష్‌కు చివరిగా చెప్పిన ఆ రెండు దెబ్బలు ఇక పాదానికి తగలవు.

ఇంజను ఇంకా విప్పలేదు. బిళ్ళ ఇంకా వేయలేదు.